కొన్ని ఇంగ్లీషు మాటలు - వాటి వర్గచరిత్ర

1939లో గూడవల్లి రామబ్రహ్మం "రైతుబిడ్డ" చిత్రం తీసి జమీందార్ల ఆగ్రహానికి గురైనాడు. ఆ తరవాత మన సినిమాలలో భూస్వామి విలన్ కావటం పరిపాటి అయిపోయింది. కోరమీసం, చేతికర్ర, వెనక ఇద్దరు గూండాలు - ఈ వేషాన్ని ఏ ఊరి ప్రేక్షకుడైనా చూడగానే గుర్తుపడతాడు. అయితే "విలన్" అనే మాట పుట్టుక తెలిసినవాడికి ఇందులో ఒక తమాషా కనిపిస్తుంది. ఆ మాటకు మొదటి అర్థం దుర్మార్గుడు కాదు. జమీందారు అంతకంటే కాదు. జమీందారు పొలంలో చాకిరీ చేసే రైతు అని దాని అర్థం. రామబ్రహ్మంగారి సినిమా పేరును పదమూడో శతాబ్దపు ఇంగ్లండులో ఎవరైనా అనువదించవలసివస్తే "విలన్ కొడుకు" అని రాసి ఉండేవాడు.

కాలేజీలో ఇంగ్లీషు చెప్పుకుని బతికేవాణ్ణి కనక నిఘంటువుతో నాకు రోజూ పని. విద్యార్థులు నిఘంటువును తీర్పులాగా చదువుతారు. ఫలానా మాటకు ఫలానా అర్థం అని అందులో ఉంటే ఇక దానికి అప్పీలు లేదు. నిజానికి మంచి నిఘంటువు తీర్పు కాదు, సాక్ష్యాల దస్తావేజు. ఆక్స్‌ఫర్డు మహానిఘంటువును 1879 నుంచి నడిపించిన జేమ్స్ మర్రే స్కాట్లండులో ఒక దర్జీ కొడుకు. పధ్నాలుగో ఏట బడి మానినవాడు. ఆయన, ఆయనకు చీటీలు రాసి పంపిన వేలాది సామాన్య పాఠకులు ప్రతి మాటకూ శతాబ్దాల సాక్ష్యం పోగుచేశారు. ఆ సాక్ష్యాన్ని వరసగా చదివితే కొన్ని మాటల వెనక ఒక పెద్ద వ్యాజ్యం కనబడుతుంది. ఆ వ్యాజ్యంలో ఒక పక్షంవారికి రాయటం వచ్చు, రెండోపక్షంవారికి రాదు.

"విల్లా" అంటే లాటిన్లో కమతం, పొలమూ ఇల్లూ కలిసిన ఎస్టేటు. దానికి అంటిపెట్టుకుని ఉండేవాడు "విల్లానుస్". ఈ మాట ఫ్రెంచిలోంచి నార్మన్ల వెంట ఇంగ్లండు చేరింది. 1066లో ఇంగ్లండును జయించిన విలియం ఇరవై ఏళ్ల తరవాత, 1086లో, దేశంలోని భూములనూ నాగళ్లనూ మనుషులనూ లెక్కవేయించాడు. అదే డూమ్స్‌డే పుస్తకం. అందులో ఎక్కిన జనంలో నూటికి సుమారు నలభైమంది "విల్లాని". ఇంకొక ముప్పైమందికి పైగా వారికంటే చిన్న గుడిసె రైతులు. పదిమంది బానిసలు. అంటే విలన్ అంటే ఆ దేశంలో అందరికంటే ఎక్కువ సంఖ్యలో ఉన్న మనిషి. దేశానికి తిండి పెట్టినవాడు.

ఈ విలన్ ప్రభువు భూమిలో వారానికి రెండుమూడు రోజులు ఉత్తచాకిరీ చెయ్యాలి. అర్ధబానిస కనక ప్రభువు అనుమతి లేనిదే ఊరు విడిచి పోకూడదు. పోయి బయట ఉండాలంటే ఏటా "చెవేజ్" కట్టాలి. కూతురికి పెళ్లి చెయ్యాలంటే "మర్చెట్" కట్టాలి. పెళ్లికాని పిల్ల తప్పు చేసిందంటే "లెయిర్‌వైట్" కట్టాలి. ఈ మాటలు ఇప్పుడు చరిత్ర విద్యార్థులకు తప్ప ఎవరికీ తెలియవు. కాని ఒక మాటకు ఒక పన్ను చొప్పున, పన్నుకు ఒక మాట చొప్పున, మనిషి పుట్టుక నుంచి చావు దాకా లెక్క సరిపోయేది.

చావు దగ్గర "హెరియట్" వచ్చేది. ఇది వింత చరిత్ర గల మాట. పాత ఇంగ్లీషులో దాని అర్థం యుద్ధసామగ్రి. యోధుడికి ప్రభువు కత్తీ గుర్రమూ ఇచ్చేవాడు. వాడు చచ్చిపోతే అవి ప్రభువుకు తిరిగి రావటం న్యాయమే. కాని ఆ ఆచారం మెల్లిగా రైతు మీదికి దిగింది. రైతుకు ప్రభువు ఏ కత్తీ ఇవ్వలేదు. అయినా రైతు పోయిన రోజున దొడ్లోని పశువులలో మేలైనది ప్రభువుకు పోయేది. ఇంటి యజమాని శవంతోపాటు కాడెద్దు కూడా గడప దాటేదన్నమాట. ఇటువంటి వసూళ్లకు ఆధారమైన "కాపీహోల్డు" భూమి హక్కు రద్దయినది 1922 చట్టంతో, అమలయినది 1926లో. ఫ్యూడల్ వ్యవస్థ ఎప్పుడో అంతరించిందని చెప్పేవారు ఈ తేదీ గుర్తుపెట్టుకోవటం మంచిది.

పదమూడో శతాబ్దంలో బర్టన్ మఠాధిపతి ఒకడు తన రైతులతో తగాదా వచ్చినప్పుడు వారికి సొంతమైనది వారి కడుపు ఒక్కటేనని వాదించాడు. ఇది కోపంలో అన్నమాట కాదు. అప్పటి న్యాయశాస్త్రం సరిగా అదే. విలన్ ఆస్తి యావత్తూ చట్టం దృష్టిలో ప్రభువుదే.

అన్నిటికన్నా నాకు ఆశ్చర్యం కలిగించిన మాట "బూన్". ఇవాళ దీన్ని మనం వరం అని అనువదిస్తాము. దాని పాత అర్థం ప్రార్థన, వేడుకోలు. కోతల కాలంలో మామూలు చాకిరీ చాలక ప్రభువు రైతుల చేత అదనపు రోజులు పని చేయించేవాడు. దాన్ని "బూన్ పని" అనేవారు. అంటే ప్రభువు వేడుకున్నాడట, రైతు దయదలచి వచ్చాడట! కొన్నిచోట్ల "ప్రేమ బూన్" అని కూడా పద్దుల్లో రాసుకున్నారు. రాకపోతే జరిమానా. జరిమానా వేసే ప్రేమను లోకంలో మరెక్కడా చూడలేదు. మనవాళ్లకు ఈ నాజూకు లేదు. సంస్కృతంలో "విష్టి" అన్నారు, తెలుగులో "వెట్టి" అన్నారు, అంతే. తెలంగాణా రైతాంగం 1946 నుంచి 1951 దాకా పోరాడినప్పుడు ఎదుటనున్నది ఏమిటో చెప్పటానికి ఆ ఒక్క మాట చాలింది. శత్రువుకు మెత్తని పేరు ఉన్నప్పుడు పోరాటం ఇంకొంచెం కష్టం.

అట్లాంటి రైతు పేరు తిట్టు ఎప్పుడయింది? పద్నాలుగో శతాబ్దం మొదట్లోనే "విలన్" అంటే నీచబుద్ధి గలవాడు అనే వాడకం కనబడుతుంది. ఇది అనుకోకుండా జరిగినది కాదు. కోర్టు రికార్డులు రాసినవాళ్లు, మఠాలలో చరిత్ర రాసినవాళ్లు, సామంతుల కొలువుల్లో కథలు చెప్పినవాళ్లు ఒక పక్షంవారే. వారికి రైతు అంటే మురికి, మొండితనం, అబద్ధం, దొంగతనం. పని ఎగ్గొట్టటం రైతుకు ఆత్మరక్షణ, ప్రభువుకు అది మోసం. ఏ మాట పుస్తకానికి ఎక్కుతుందో వేరే చెప్పనక్కరలేదు. తరవాత అర్ధబానిసత్వం సడలిపోయింది. మాట మాత్రం రెండు ముక్కలయింది. న్యాయవాదులు చట్టసంబంధమైన అర్థానికి ఒక అక్షరక్రమం, తిట్టుకు మరో అక్షరక్రమం వాడటం మొదలుపెట్టారు. షేక్‌స్పియర్ కాలానికి రెండు అర్థాలూ ఇంకా ఒకదాన్నొకటి ఒరుసుకుంటూనే ఉన్నాయి. "యాజ్ యూ లైక్ ఇట్" మొదటి రంగంలో అన్న తమ్ముణ్ణి విలన్ అని తిడతాడు. తాను సర్ రోలండ్ కొడుకునైనప్పుడు విలన్‌ను ఎట్లా అవుతానని తమ్ముడు ఎదురుతిరుగుతాడు. అన్న అన్నది దుర్మార్గుడని. తమ్ముడికి తగిలింది తక్కువ పుట్టుకవాడని. ఆ రెంటిలో ఏది పెద్ద అవమానమో తమ్ముడి జవాబే చెబుతుంది. ఈ ఘట్టాన్ని కాలేజీలలో ఏళ్ల తరబడి చెబుతున్నారు. ఈ సంగతి మాత్రం ఎవరూ చెప్పరు.

విలన్ ఒంటరి కాదు. "చర్ల్" చూడండి. సాక్సన్ల కాలంలో చర్ల్ స్వతంత్రుడైన రైతు. అతన్ని చంపితే నేరస్థుడు బంధువులకు పరిహారం ఇవ్వాలి. వెసెక్స్ రాజ్యంలో ఆ పరిహారం 200 షిల్లింగులు. థేన్ అనే పెద్దమనిషికయితే 1200. అంటే ఒక పెద్దమనిషి ప్రాణం ఆరుగురు రైతుల ప్రాణాలకు సమానమని చట్టంలోనే ధర కట్టారు. నార్మన్లు వచ్చాక చర్ల్ ఇంకా దిగజారాడు. ఇవాళ "చర్లిష్" అంటే మర్యాద తెలియని మోటువాడు. ఇదే మాటకు తోబుట్టువు "కార్ల్". షార్లమేన్ చక్రవర్తి పేరు అది. ఆ చక్రవర్తి ధాటికి స్లావ్ భాషలలో రాజు అనే మాటే ఆ పేరునుంచి పుట్టింది. ఒకే వేరు ఒకచోట మోటువాడు, మరోచోట మహారాజు! "బూర్" అంటే డచ్చి భాషలో రైతు, ఇంగ్లీషులో మొరటువాడు. కాని ఇదే వేరు "నైబర్" అనే మాటలో చెక్కు చెదరకుండా దాక్కుని ఉంది. దగ్గర ఉండే రైతు అని దాని పాత అర్థం. రైతు రైతును పిలుచుకున్న మాట పొరుగువాడయింది. దొర రైతును పిలిచిన మాట తిట్టయింది.

పని తక్కువది కనక మాట తక్కువదయిందని ఎవరైనా అంటారేమో. దానికి జవాబుగా "నేవ్", "నైట్" అనే రెండు మాటలను పక్కపక్కన పెడతాను. రెండూ పాత ఇంగ్లీషులో కుర్రవాడు, పనికుర్రవాడు అనే అర్థమిచ్చేవే. ఒకడు ప్రభువు వెంట గుర్రమెక్కి యుద్ధానికి వెళ్లాడు. వాడు "నైట్", సర్ బిరుదుకు అర్హుడు. ఇంకొకడు వంటింట్లోనూ సాలలోనూ ఉండిపోయాడు. వాడు "నేవ్", అంటే ధూర్తుడు. జర్మన్ భాషలో మొదటి మాటకు ఇవాళటికీ కుర్రవాడనే అర్థం, రెండోదానికి నౌకరనే అర్థం. "మార్షల్" అంటే మొదట గుర్రాల చాకరు. ఇవాళ సైన్యంలో అంతకు మించిన హోదా లేదు. కాబట్టి పేడ ఎత్తటంలో తక్కువ ఏమీ లేదు. ఎవరి గుర్రం పేడ ఎత్తావన్నదే ప్రశ్న. ఇంగ్లీషు పేకముక్కల్లో జాకీని పూర్వం నేవ్ అనేవారు. ఉర్దూలో అదే ముక్క గులాం. అరబ్బీలో గులాం అంటే మొదట కుర్రవాడే. కుర్రవాడు నౌకరై, నౌకరు బానిసై, చివరకు రాజూ రాణీ తరవాత మూడో ముక్కయిన దారి రెండు భాషలకూ ఒక్కటే.

మరి మంచి అర్థాలన్నీ ఎవరికి పోయాయి? "నోబుల్", "జెంటిల్", "జెనరస్" - మూడింటికీ తొలి అర్థం మంచి వంశంలో పుట్టినవాడనే. ఉదాత్తుడు, మృదువైనవాడు, ఉదారుడు అనే గుణాలు తరవాత చేరాయి. అటు "మీన్", "వల్గర్", "కామన్" అంటే అందరికీ చెందినది, జనానిది. వాటికి హీనం, అసభ్యం అనే అర్థాలు పట్టుకున్నాయి. చదువులేని సామాన్యుడు అనే అర్థమున్న "ల్యూడ్" చివరకు కాముకుడయింది. ఈ ధోరణిని సి. ఎస్. లూయిస్ 1960లో తన "స్టడీస్ ఇన్ వర్డ్స్" పుస్తకంలో గుర్తించి, హోదా మాటలు నీతి మాటలుగా మారటం అని పేరు పెట్టాడు. అంతకు ముందే 1887లో నీషే ఇదే సంగతి చెప్పాడు. కాని ఆయనకు అందులో అన్యాయం కనబడలేదు. మంచి అంటే ఏమిటో నిర్ణయించే హక్కు ప్రభువులదేనని గర్వంగా చెప్పాడు. శత్రుపక్షం సాక్షి అయినా నీషే సాక్ష్యం విలువైనదే. ఇంగ్లండులో ఈ పనిని మన పక్షంనుంచి చేసినవాడు రేమండ్ విలియమ్స్. వేల్స్ సరిహద్దులో రైల్వే సిగ్నల్‌మన్ కొడుకు. 1976లో అచ్చయిన ఆయన "కీవర్డ్స్" ఇంగ్లీషు ఉపాధ్యాయులందరి బల్లమీదా ఉండవలసిన పుస్తకం.

ఇక్కడ ఒక హెచ్చరిక చెయ్యాలి. వర్గదృష్టి పేరుతో అందమైన కథలన్నీ నమ్మెయ్యరాదు. బతికున్న పశువు పేరు సాక్సన్ మాట, వండిన మాంసం పేరు ఫ్రెంచి మాట, ఎంచేతనంటే మేపినవాడు సాక్సన్, తిన్నవాడు నార్మన్ - అని వాల్టర్ స్కాట్ "ఐవన్‌హో" నవలలో విదూషకుడి చేత చెప్పించాడు. మనవాళ్లు చాలామంది దీన్ని చరిత్రగా ఉదహరిస్తారు. ఇందులో కొంత నిజం లేకపోలేదు. కాని "బీఫ్" అనే మాటను చాలా కాలం బతికున్న ఎద్దుకు కూడా వాడారు. ఆ గీత అంత స్పష్టంగా పడినది ఎన్నో శతాబ్దాల తరవాత. సాక్ష్యం లేనిచోట మన సిద్ధాంతం కూడా కల్పనే అవుతుంది.

సాక్ష్యమున్న కథ ఒకటి చెబుతాను. "లార్డ్" అంటే పాత ఇంగ్లీషులో "హ్లాఫ్‌వెయర్డ్", రొట్టెకు కావలివాడు. "లేడీ" అంటే రొట్టెపిండి పిసికేది. వీరి కింద ఉండేవాడు "హ్లాఫ్ ఏటా", రొట్టె తినేవాడు. క్రీ. శ. 600 ప్రాంతంలో కెంట్ రాజు ఎథెల్బర్ట్ చేసిన శాసనంలో ఒక చర్ల్ ఇంట రొట్టె తినేవాణ్ణి చంపితే ఆరు షిల్లింగులు కట్టాలని ఉంది. దున్నినవాడు రొట్టె తినేవాడయినాడు. తాళంచెవి ఉన్నవాడు రొట్టె పెట్టేవాడయినాడు. రాజస్థాన్‌లో సంస్థానాధిపతులను జనం అన్నదాతా అని పిలిచింది కూడా ఈ లెక్కనే.

ఇక ఆ రొట్టెకు పిండి ఎక్కడిది? "క్వెర్న్" అనే పాత ఇంగ్లీషు మాట ఉంది. మన తిరగలి. తెలంగాణాలో విసుర్రాయి. ఇంట్లో తిరగలి ఉంటే రైతు తన గింజలు తానే విసురుకుంటాడు. అది ప్రభువుకు నష్టం. ఎంచేతనంటే ప్రభువుకు మర ఉంది, అక్కడ ఆడించుకుంటేనే "మల్చర్" అనే సుంకం గింజల రూపంలో వస్తుంది. సెయింట్ ఆల్బన్స్ పట్నం మఠానిది. అక్కడి జనం తిరగళ్ల కోసం మఠంతో తరాల తరబడి పోరాడారు. 1331లో మఠాధిపతి రిచర్డ్ ఆఫ్ వాలింగ్‌ఫర్డ్ తిరగళ్లన్నీ జప్తు చేయించాడు. ఈయన గొప్ప గణితవేత్త, అద్భుతమైన ఖగోళ గడియారం కల్పించినవాడు. విజ్ఞానం ఒక్కటే మనిషిని ప్రజలవైపు తిప్పదు. జప్తు చేసిన రాళ్లను మఠంలో గచ్చుగా పరిచారు. వాటిమీద నడిచిపోతూ ఉంటే పట్నంవాళ్లకు తమ ఓటమి రోజూ గుర్తుకు రావాలని కాబోలు.

యాభై ఏళ్లు గడిచాయి. 1348-49లో మహామారి వచ్చి జనంలో పెద్ద భాగాన్ని తినేసింది. పనివాళ్లు తక్కువై కూలి పెరగబోతే, 1351లో చట్టం చేసి పాత కూలికే కట్టేశారు. పైగా తలపన్ను. 1381 జూన్‌లో కెంటు, ఎసెక్సు రైతులు లండన్ మీదికి నడిచారు. జూన్ 14న మైల్ ఎండ్ దగ్గర పద్నాలుగేళ్ల రాజు రిచర్డును కలిసి అర్ధబానిసత్వం పోవాలని, ఎకరం శిస్తు నాలుగు పెన్నీలకు మించరాదని అడిగారు. రాజు ఒప్పుకుని పత్రాలు రాయించి ఇచ్చాడు. మర్నాడు స్మిత్‌ఫీల్డులో వాట్ టైలర్‌ను చంపారు. ఊళ్లలో రైతులు చేసిన మొదటిపని ఎస్టేటు దస్తావేజులు తగలబెట్టటం. తమ పేరు పక్కన విలన్ అని రాసి ఉన్నది వాటిలోనే గదా! సెయింట్ ఆల్బన్స్‌లో మాత్రం జనం మఠంలోకి వెళ్లి గచ్చు తవ్వారు. తిరగలి రాళ్లు పైకి తీసి ముక్కలు చేసి, చర్చిలో ఆదివారంనాడు ప్రసాదపు రొట్టె పంచినట్టు తలా ఒక ముక్క పంచుకున్నారు. ఈ సంగతి రాసింది ఆ మఠం సన్యాసి వాల్సింగ్‌హామ్. తిరుగుబాటుదార్లంటే అతనికి పరమ అసహ్యం. అయినా ఈ దృశ్యాన్ని దాచలేకపోయాడు. జూలైలో జాన్ బాల్‌ను ఆ ఊళ్లోనే చంపారు. రాజు ఇచ్చిన పత్రాలు రద్దయినాయి. మీరు రైతులుగా ఉన్నారు, రైతులుగానే బానిసత్వంలో ఉంటారని రాజు ఎసెక్సువాళ్లకు చెప్పినట్టు వాల్సింగ్‌హామే రాశాడు.

కొన్ని మాటలు తిట్లయినాయి; కొన్ని అసలు చచ్చిపోయాయి. "ఎస్టోవర్స్" అంటే ఉమ్మడి అడవిలో వంటకట్టె, నాగలికర్ర తెచ్చుకునే హక్కు. "టర్బరీ" అంటే పొయ్యికి పచ్చిక గడ్డ తవ్వుకునే హక్కు. "పానేజ్" అంటే అడవిలో రాలిన కాయలకు పందులను తోలే హక్కు. 1217 నాటి అరణ్యశాసనంలో ఇటువంటి హక్కులకు స్థానం దొరికింది. తరవాత కంచెలు వచ్చాయి. 1604 నుంచి 1914 దాకా పార్లమెంటు అయిదువేల పైచిలుకు చట్టాలు చేసి 68 లక్షల ఎకరాలను ఆక్రమణదార్లకు అప్పగించింది. హక్కు పోయాక మాటతో పని ఏముంది? చేను కోసిన తరవాత పరిగె ఏరుకోవటం పేదల ఆచారంగా ఉండేది. సఫక్‌లో మేరీ హౌటన్ అనే ఆమె 1787లో పరిగె ఏరితే దావా వేశారు. పరిగె ఏరటం హక్కు కాదని 1788లో కోర్టు తీర్పు చెప్పింది. మనకు ఈ కథ కొత్తది కాదు. 1882 మద్రాసు అటవీ చట్టం మన్యంలో ఏం చేసిందో, 1922లో అల్లూరి సీతారామరాజు వెంట జనం ఎందుకు నడిచారో తెలుసు. అరవంలోంచి మన రెవిన్యూ లెక్కల్లోకి వచ్చిన "పోరంబోకు" అనే మాటకు శిస్తు లేని ఉమ్మడి నేల అని అర్థం. ఊరి పశువులు మేసేది, ఊరు కట్టెలు ఏరుకునేది ఆ నేలమీదే. శిస్తు రాని నేల సర్కారు కంట పనికిమాలిన నేల. అక్కడినుంచి పనికిమాలిన మనిషి కూడా పోరంబోకే అయినాడు. మన నోటితో మనమే ఆ తిట్టు తిడుతున్నాము.

ఎప్పుడూ ఇట్లాగే జరగాలని లేదు. "రైతు" అనే మాట అరబ్బీలో మొదట కాపరి మేపే మంద. ఆ తరవాత ప్రభువు ఏలే ప్రజ. పుట్టుకను బట్టి చూస్తే విలన్ కంటే గొప్పది కాదు. కాని 1937-38లో ఇచ్ఛాపురం నుంచి మద్రాసు దాకా కాలినడకన పోయిన జనం తమ యాత్రకు "రైతు రక్షణ యాత్ర" అని పేరు పెట్టుకున్నారు. ఆ మాట తిట్టు కాలేదు.

విలన్ కూడా ఒకసారి పనికి వచ్చాడు. ఇంగ్లండు కోర్టుల్లో విలనత్వం మీద చివరి దావా 1618 నాటిది. తరవాత ఆ చట్టం రద్దు కాలేదు, ఊరికే పడి ఉంది. నూట యాభై ఏళ్లకు జేమ్స్ సోమర్సెట్ అనే నీగ్రో బానిసను యజమాని జమైకాలో అమ్మటానికి ఓడలో గొలుసులతో కట్టించాడు. 1772లో అది లండన్ కోర్టుకు వచ్చింది. సోమర్సెట్ పక్షాన ఫ్రాన్సిస్ హార్గ్రేవ్ అనే కుర్ర న్యాయవాది పాత పుస్తకాలు తిరగేసి ఇట్లా వాదించాడు: ఇంగ్లీషు చట్టానికి తెలిసిన బానిసత్వం విలనత్వం ఒక్కటే, అది పుట్టుకతో వచ్చేది, వంశపారంపర్యంగా రుజువు చెయ్యవలసినది, ఇప్పుడు అట్లాంటి వంశం ఒక్కటీ మిగలలేదు, కనక కొత్త బానిసత్వానికి ఈ దేశంలో చోటు లేదు. జూన్ 22న ప్రధాన న్యాయమూర్తి మాన్స్‌ఫీల్డు సోమర్సెట్‌ను విడిచిపెట్టమన్నాడు. వలసరాజ్యాల బానిసత్వాన్ని ఆ తీర్పు ముట్టుకోలేదు. మనిషిని బలవంతంగా ఇంగ్లండు దాటించటానికి వీల్లేదన్నది, అంతే. కాని ఆరోజు కోర్టులో ఉన్న నల్లవాళ్లు లేచి న్యాయమూర్తులకు వంగి నమస్కరించి, ఒకరికొకరు వంగి, చేతులు కలుపుకున్నారని అప్పటి పత్రికలు రాశాయి.